ఆకును చూచి తెగులు చెప్పు యంత్రమును ఎంతవరకు నమ్మవచ్చును?

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట నిజమే. కాని అది ఎందుకు నిజమైనదో ఎప్పుడైన ఆలోచించితిరా? కుండలోనిదంతయు ఒకే బియ్యము, ఒకే నీరు, ఒకే మంట. ఇల్లాలు గరిటెతో కలియబెట్టి, నడుమ నుండి మెతుకు తీయును. అందువలన ఆ ఒక్క మెతుకు కుండ అంతటికిని సాక్ష్యము చెప్పగలుగుచున్నది. పొరుగింటి పొయ్యి మీది కుండను గురించి మాత్రము అది ఏమియు చెప్పజాలదు.

చూచిన కొద్దిపాటిని బట్టి చూడని దానిని గురించి ఎంతవరకు చెప్పవచ్చును, ఎప్పుడు చెప్పరాదు అను విషయమును లెక్కలతో తేల్చు శాస్త్రమొకటి గలదు. దానిని గణాంక అభ్యసన సిద్ధాంతము అందురు. నేడు సెల్‌ఫోనుతో ఆకు ఫొటో తీసి చూపినచో తెగులు పేరు చెప్పు యంత్రములు వచ్చినవి. వాని మాట ఎంతవరకు చెల్లునో తూచి చూచుటకు ఈ శాస్త్రమే తక్కెడ. యంత్రము తప్పు చెప్పినచో మందు ఖర్చు దండుగ యగును. అసలు తెగులు ముదిరిపోవును. నష్టము రైతుదే గాని యంత్రముది కాదు. కావున ఈ శాస్త్రములోని ముఖ్య విషయములను రైతులు తెలిసికొనుట అవసరము. పెద్ద లెక్కలు రానక్కరలేదు.

యంత్రము నేర్చుకొనుట అనగా నేమి?

మిరప తోటలో ఆకులు ముడుచుకొన్నప్పుడు అనుభవముగల రైతు వెంటనే మందు కొట్టడు. ఆకు అంచులు పైకి ముడుచుకొని దొన్నె వలె ఉన్నచో తామర పురుగులని, క్రిందికి ముడుచుకొని బోర్లించిన పడవ వలె ఉండి కాడ సాగినచో నల్లి అని గుర్తించును. మొదటిది పై ముడత, రెండవది క్రింది ముడత. రెంటికిని మందులు వేరు. ఈ భేదమును ఆ రైతు వందల మొక్కలను చూచి, తెలిసినవారిని అడిగి నేర్చుకొనెను.

యంత్రము కూడ అట్లే నేర్చుకొనును. ఒక్కొక్క ఆకు ఫొటోను, దాని తెగులు పేరును కలిపి వేల సంఖ్యలో యంత్రమునకు అందింతురు. అది రంగులను, మచ్చలను, అంచులను పోల్చి ఒక సూత్రమును కల్పించుకొనును. తరువాత క్రొత్త ఆకును చూపినప్పుడు ఆ సూత్రము ప్రకారము పేరు చెప్పును.

ఇచ్చట రెండు లెక్కలను వేరుగా చూడవలెను. నేర్చుకొన్న ఆకులపై యంత్రము నూటికి ఎన్ని తప్పులు చేయుచున్నది అనునది మొదటి లెక్క. ఎన్నడును చూడని ఆకులపై నూటికి ఎన్ని తప్పులు చేయును అనునది రెండవ లెక్క. రైతుకు కావలసినది రెండవది. నేర్పినవాని చేతిలో నున్నది మొదటిది. ఈ రెంటికి మధ్య తేడా ఎంత ఉండవచ్చును? శాస్త్రమంతయు ఈ ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

బట్టీ పట్టిన సూత్రము

ఒక రైతు తన ఎనిమిదేండ్ల దిగుబడి లెక్కలను ముందు వేసికొని కూర్చుండెననుకొనుడు. మంచి పంట పండిన ఏండ్లకును పండని ఏండ్లకును తేడా వెదకెను. ఎర్ర ఎద్దులతో దున్ని, బుధవారము విత్తి, ఉత్తరపు గట్టున కంది వేసిన ఏండ్లలో మాత్రమే మంచి పంట పండినట్లు తేలినది. ఎనిమిదేండ్లకును ఈ సూత్రము తప్పక సరిపోయినది. తొమ్మిదవ యేట దీనిని నమ్ముకొని విత్తవచ్చునా?

విత్తరాదని మీకు తోచును. ఎద్దుల రంగు, వారము, గట్టు, బండి, బావి అనుచు కలుపుకొనుచు పోయినచో ఏ ఎనిమిదేండ్ల లెక్కకైనను సరిపడు సూత్రము ఏదో యొకటి దొరకి తీరును. జరిగినదానికి సరిపోవుట గొప్ప కాదు. పాఠము అర్థము కాక ఎనిమిది లెక్కల జవాబులను బట్టీ పట్టిన పిల్లవాడు ఆ ఎనిమిదింటిని తప్పు లేకుండ అప్పజెప్పును. తొమ్మిదవ లెక్క ఇచ్చినప్పుడు గాని వాని సంగతి బయటపడదు.

ఎన్ని సూత్రములలో నుండి ఏరితిమి?

ఇంకొక విధముగా చూతము. ఒక తాలూకాలో 1024 మంది, ఈ ఏడు వాన సగటు కంటె ఎక్కువా, తక్కువా అని ప్రతి సంవత్సరము రూపాయి బిళ్ళ ఎగురవేసి చెప్పుచున్నారనుకొనుడు. ఒక్కరికిని వానను గురించి ఏమియు తెలియదు. మొదటి యేడు సుమారు 512 మంది మాట నిజమగును. రెండవ యేటికి 256 మంది మిగులుదురు. ఇట్లు సగము సగముగా తగ్గుచు పది సంవత్సరములు గడచుసరికి సగటున ఒకడు పదికి పదియు సరిగా చెప్పినవాడుగా నిలుచును. ఊరివారు వానిని మహాజ్ఞాని యందురు. పదకొండవ యేట వాని మాట నిజమగుటకు అవకాశము మరల సగమే!

పదేండ్లు వరుసగా సరిగా చెప్పుట చిన్న విషయము కాదు. కాని ముందుగా ఒక్కనినే ఎంచుకొని పరీక్షించుట వేరు. 1024 మందిని పరీక్షించి గెలిచినవానిని ఏరుకొనుట వేరు. కావున ఒక సూత్రము ఎన్నిసార్లు నెగ్గినదో అడుగుటతో ఆగరాదు. ఎన్ని సూత్రములలో నుండి దానిని ఏరితిరని కూడ అడుగవలెను.

ఈ తేడాకు లెక్క గలదు. 1963లో హోఫ్డింగ్ అను గణాంక శాస్త్రజ్ఞుడు ప్రకటించిన అసమానత నుండి దానిని కట్టవచ్చును. ఒకదానితో ఒకటి సంబంధము లేకుండ తీసిన ఉదాహరణలపై సూత్రమును పరీక్షించినప్పుడు, పరీక్షలో కనబడిన తప్పులకును నిజమైన తప్పులకును మధ్య తేడా నూరింట తొంబదియైదు పర్యాయములు ఈ క్రింది హద్దును దాటదు.

ముందుగా ఎంచుకొన్న ఒకే సూత్రమైనచో:
100 ఉదాహరణలకు: నూటికి సుమారు 14
400 ఉదాహరణలకు: నూటికి సుమారు 7
1600 ఉదాహరణలకు: నూటికి సుమారు 3½

1000 సూత్రములను పరీక్షించి ఒకదానిని ఏరినచో:
100 ఉదాహరణలకు: నూటికి సుమారు 23
400 ఉదాహరణలకు: నూటికి సుమారు 12
1600 ఉదాహరణలకు: నూటికి సుమారు 6

ఈ పట్టిక రెండు సంగతులను నేర్పుచున్నది. మొదటిది: తేడాను సగము చేయవలెనన్నచో ఉదాహరణలను రెట్టింపు చేసిన చాలదు, నాలుగు రెట్లు చేయవలెను. రెండవది: సూత్రములు వేయి రెట్లు పెరిగినను తేడా రెట్టింపు కూడ కాలేదు. వేయి సూత్రములలో నుండి ఏరినను తేడా 14కు మించకుండ ఉండవలెనన్నచో 100 ఉదాహరణలకు బదులు సుమారు 290 ఉండిన చాలును. కావున ఎక్కువ సూత్రములను వెదకుట పాపము కాదు. తగినన్ని ఉదాహరణలు లేకుండ వెదకుటయే ప్రమాదము.

తాడుతో, గుంజలతో ఒక ప్రయోగము

అసలు యంత్రములోని సూత్రములు వేయి కాదు, లెక్కకు అందనన్ని. అప్పుడేమి చేయవలెను? మాస్కోలో పనిచేయుచుండిన వ్లదీమిర్ వాప్నిక్, అలెక్సీ చెర్వోనెంకిస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ చిక్కును విడదీసి, 1968లో క్లుప్తముగాను, 1971లో విపులముగాను ప్రకటించిరి. వారి ఆలోచనను మీరు మీ కళ్ళములోనే చేసి చూడవచ్చును.

మూడు గుంజలను ఒకే వరుసలో గాక, పొయ్యిరాళ్ళ వలె పాతుడు. ఏదైన ఒక గుంజకు గాని, రెంటికి గాని సున్నము పూయుడు. తిన్నగా లాగిపట్టిన ఒక తాడుతో సున్నపు గుంజలను ఒక ప్రక్కకు, మిగిలినవానిని రెండవ ప్రక్కకు విడదీయుడు. ఏ గుంజకు పూసినను విడదీయగలరు. ఇప్పుడు మంచపు కోళ్ళ వలె నాలుగు గుంజలు పాతి, ఎదురెదురు మూలలనున్న రెంటికి మాత్రము సున్నము పూయుడు. తిన్నని తాడు ఎట్లు పట్టినను అవి విడివడవు. నాలుగు గుంజలను వేరొక విధముగా పాతి చూచినను, విడదీయరాని పూత ఏదో యొకటి తప్పక ఉండును.

అనగా తిన్నని తాడు మూడు గుంజల వరకు ఎట్లు పూసినను లొంగును; నాలుగవ దానితో దానికి హద్దు ఏర్పడినది. ఈ మూడును ఆ సూత్రములకు వాప్నిక్–చెర్వోనెంకిస్ కొలత అందురు. తాడును పాము వలె ఎట్లు కావలసిన అట్లు వంచవచ్చునన్నచో వంద గుంజలనైనను విడదీయవచ్చును. దాని కొలతకు హద్దే లేదు.

ఇందలి కీలకమును గమనించుడు. తిన్నని తాడు వంద గుంజలను చక్కగా విడదీసినచో, ఆ పొలములో నిజముగా ఏదో క్రమమున్నదని తెలియుచున్నది. ఏలనన, క్రమము లేనిచో తాడు ఓడిపోయి యుండెడిది. వంకర తాడు విడదీసినచో ఏమియు తెలియదు. అది దేనినైనను విడదీయును. ఓడిపోవుటకు వీలున్న సూత్రము గెలిచినప్పుడే ఆ గెలుపునకు విలువ. కొలతకు హద్దున్నచో, ఉదాహరణలు పెరిగిన కొలది చూచిన తప్పులును చూడని తప్పులును దగ్గరపడునని, కొలత పెద్దదైన కొలది ఎక్కువ ఉదాహరణలు కావలెనని వారు నిరూపించిరి.

నేటి పెద్ద యంత్రములు వంకర తాడు వంటివే. తెగులు పేర్లను ఇష్టము వచ్చినట్లు తారుమారు చేసి ఇచ్చినను వానినన్నింటిని బట్టీ పట్టగల శక్తి వానికి గలదని 2017లో ప్రకటించిన ప్రయోగములలో తేలినది. అయినను నిజమైన పేర్లు ఇచ్చి నేర్పినప్పుడు అవి క్రొత్త చిత్రములపై కూడ తరచు చక్కగా పనిచేయుచున్నవి. ఎందువలననో వివరించుటకు శాస్త్రజ్ఞులు ఇంకను శ్రమించుచున్నారు. కావున ఇట్టి యంత్రము విషయములో, అది ఎన్నడును చూడని ఆకులపై జరుపు పరీక్షయే మనకు దిక్కు.

నూటికి 99 నుండి 31కి

ఇట్టి పరీక్ష ఒకటి నిజముగా జరిగినది. ప్లాంట్‌విలేజ్ అను సంస్థ సేకరించిన 54,306 ఆకు చిత్రములతో మొహంతీ, హ్యూస్, సలాతే అను ముగ్గురు ఒక యంత్రమునకు తెగుళ్ళు నేర్పి, 2016లో ఫలితములను ప్రకటించిరి. అందు 14 పంటలు, 26 తెగుళ్ళు ఉన్నవి. కొన్ని చిత్రములను నేర్పుటకు వాడక ప్రక్కన దాచి, తరువాత వానితో పరీక్షించిరి. అన్నిటికంటె మంచి ఫలితము నూటికి 99.35. చదివినవారందరు ఆశ్చర్యపడిరి.

కాని ఆ ముగ్గురే ఇంకొక పరీక్ష కూడ జరిపి, దాని ఫలితమును దాచకుండ ప్రకటించిరి. వేరు పరిస్థితులలో, వేరుచోట్ల తీసిన చిత్రములను చూపగా యంత్రము నూటికి 31 కంటె కొంచెము ఎక్కువ మాత్రమే సరిగా చెప్పినది. గుడ్డిగా చెప్పుట కంటె ఇది చాల మేలే. కాని మందు కొనుటకు చాలదు.

తేడా ఎచ్చటనుండి వచ్చినది? నేర్పిన చిత్రములు ఆకును త్రుంచి, ఒకే రంగు కాగితముపై పరచి తీసినవి. పొలములో ఆకు వెనుక మట్టి, కలుపు, నీడ, ఎండ, పక్క ఆకులు ఉండును. దాచిన చిత్రములు కూడ అదే కాగితముపై తీసినవే గనుక ఆ పరీక్షలో ఈ లోపము కనబడలేదు. 2022లో నోయన్ అను పరిశోధకుడు అవే చిత్రములలో ఆకును పూర్తిగా వదలి, వెనుకనున్న కాగితము నుండి 8 చుక్కల రంగులను మాత్రమే యంత్రమునకు చూపెను. అది నూటికి 49 సరిగా చెప్పినది! గుడ్డిగా చెప్పినచో నూటికి 3 కూడ సరిపోవు. ఒక్కొక్క తెగులు ఆకులను ఒక్కొక్క చోట, ఒక్కొక్క వెలుతురులో తీయుటవలన కాగితపు రంగే తెగులు పేరు చెప్పుచున్నదన్నమాట. యంత్రము అబద్ధమాడలేదు. దానికి చూపినదానినే అది నేర్చుకొన్నది.

శాస్త్రపు హద్దులన్నియు ఒక షరతునకు లోబడి యున్నవి: నేర్చిన ఉదాహరణలును, ముందు ఎదురుపడు ఆకులును ఒకే కుండలోనివి కావలెను. కుండ మారినచో పై పట్టికలోని అంకె ఏదియు చెల్లదు. ఆ 14 పంటలలో మొక్కజొన్న, టమాటా, బంగాళాదుంప ఉన్నవి గాని వరి, ప్రత్తి, వేరుశనగ లేవు. అట్టి యంత్రమునకు వరి ఆకును చూపినచో, దానికి తెలిసిన పేర్లలో ఏదో యొకటి చెప్పును గాని, ఇది నాకు తెలియదని తనంతట తాను చెప్పదు.

చీటీ వేసి తీయుట

కుండను కలియబెట్టు పనిని పొలములో చీటీ చేయును. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా క్షేత్రములో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్, ఏ మడికి ఏ ఎరువు వేయవలెనో మనిషి ఇష్టమునకు వదలక చీటీ వేసి నిర్ణయించు పద్ధతిని నెలకొల్పి, 1935లో ప్రయోగములను గురించి వ్రాసిన గ్రంథములో దానిని వివరించెను. మన ప్రాంతములో పంటకోత ప్రయోగములకు పొలమును, అందలి తుంటను ఈ విధముగనే యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచుదురు. బాట ప్రక్కనున్న పొలమనియో, చేను ఏపుగా ఉన్నదనియో ఎంచినచో దిగుబడి అంచనా ఒక ప్రక్కకు వాలిపోవును. బస్తాల బేరములో కూడ పై గింజను చూపినచో మీరు ఒప్పుకొందురా? అడుగున గొట్టము గుచ్చి చూతురు గదా!

మీరు చేయదగిన పరీక్ష

తెగులు చెప్పు యంత్రమును నమ్ముకొనుటకు ముందు ఊరి రైతులు కలిసి ఈ క్రింది విధముగా పరీక్షింపవచ్చును.

1. ఇరువది మంది రైతులు తలా 5 ఆకులు తేవలెను. ఒక్కొక్కరు తమ చేనిలో ఐదు వేరు వేరు చోట్లను చీటీ వేసి ఎంచుకొనవలెను. ఒకే మొక్క నుండి తెచ్చిన ఐదు ఆకులు ఒక ఆకుతో సమానము.

2. ఆకును త్రుంచుటకు ముందే, మొక్క మీద ఉండగానే, మీరు మామూలుగా తీయునట్లు ఫొటో తీసి యంత్రము చెప్పిన పేరును వ్రాసికొనవలెను.

3. ఆ ఆకులను వ్యవసాయాధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రములోని శాస్త్రజ్ఞునకు గాని చూపి నిజమైన పేరును వ్రాయించవలెను. యంత్రము చెప్పిన పేరును ముందుగా వారికి చెప్పరాదు.

4. నూటికి 80 సరిపోయెననుకొనుడు. మీ ఊరి పంటలో దాని అసలు శక్తి సుమారు 66కును 94కును మధ్య ఉండునని పట్టిక ప్రకారము తెలియును.

5. ఐదారు యంత్రములను ఒకే ఆకులపై పరీక్షించి మేలైనదానిని ఏరినచో, దానిని క్రొత్త ఆకులతో మరల ఒకసారి పరీక్షించవలెను. వాన జోస్యుని కథ గుర్తుంచుకొనుడు.

6. పంట గాని, కాలము గాని, విత్తన రకము గాని మారినచో పరీక్షను తిరిగి చేయవలెను.

తప్పులలో రెండు విధములు గలవు. ఒక చేనిలో 1000 మొక్కలకు 50 మొక్కలకు మాత్రమే తెగులు ఉన్నదనుకొనుడు. యంత్రము తెగులు మొక్కలలోను, మంచి మొక్కలలోను నూటికి 90 సరిగా చెప్పును. అది 45 తెగులు మొక్కలను పట్టుకొనును. కాని 950 మంచి మొక్కలలో 95 మొక్కలకు కూడ తెగులు అంటగట్టును. మొత్తము 140 మొక్కలను చూపగా అందు నిజమైనవి 45 మాత్రమే, అనగా మూడవ వంతు కూడ కాదు. కావున ఒక ఆకుపై యంత్రము చెప్పిన మాటను పట్టుకొని చేనంతటికి మందు కొట్టరాదు. చేను తిరిగి చూడవలెను. అనుమానమున్నచోట తెలిసినవారిని అడుగవలెను.

గుర్తుంచుకొనవలసిన విషయములు

జరిగినదానికి సరిపడినంత మాత్రమున సూత్రము నిజము కాదు; చూడనిదానిపై నెగ్గవలెను.

ఎన్ని ఉదాహరణలు చూచిరి, ఎన్ని సూత్రములలో నుండి ఏరిరి అను రెండు ప్రశ్నలను తప్పక అడుగవలెను.

ఉదాహరణలను చీటీ వేసి తీయవలెను. కంటికి ఇంపైనవానిని ఏరరాదు.

నూటికి 99 అని ఎవరైన చెప్పినచో, అది ఏ చేనిలో, ఏ పంటపై తేలినదని అడుగవలెను.

క్రొత్త విత్తనమును తెచ్చినప్పుడు ముందుగా కొద్దిపాటి నేలలో వేసి చూచుట మీకు తెలిసిన పద్ధతియే. క్రొత్త యంత్రమును కూడ అట్లే చూడవలెను. మెతుకు పట్టి చూచుట మంచిదే. కాని ఆ మెతుకు మీ కుండలోనిదై యుండవలెను.